సాక్సులతో నిలబడ్డ మనిషి

మా భవనంలో నీళ్ల పైపు కారినా, మెట్ల దగ్గర దీపం మాడిపోయినా, ఎవరైనా తాళంచెవి లోపలే పెట్టి తలుపు లాగేసుకున్నా కబురు వెళ్లేది కింది అంతస్తులో ఉండే అహ్తికే. దేశదేశాల్లో, ముక్కూమొహం తెలియని జనాన్ని కుర్చీల్లోంచి ఎగిరిపడేలా చేసిన దయ్యం కూడా అతనే. ఈ రెండు ఉద్యోగాల్లో దేన్నీ అతను కోరుకోలేదు. మొదటిది చెప్పుల ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఉపాధి కార్యాలయం వాళ్లు అంటగట్టారు. రెండోది అతను పొడుగ్గా, సన్నగా ఉండడం వల్ల వచ్చింది.

ముందు ఆట సంగతి చెబుతాను. నాకు డెబ్బై దాటాయి. ఆటంటే పేకాట అనుకునే మనిషిని. మా ఆరో అంతస్తులో యార్కో అని ఒకడున్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, ఎండ తగలక పాలిపోయి ఉంటాడు, మనసు మాత్రం మంచిది. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ ఆటలు తయారు చేస్తాడు. వాడు చేసిన దాంట్లో ఆడేవాళ్లు కాపలా మనుషులన్నమాట. ఎదురుగా తెర, తెర మీద ఒక ఇంటి గదులు. ఒక్కో కెమెరా ఒక్కో గదిని చూపిస్తుంది. వంటిల్లు, హాలు, పడకగది, ఆవిరిస్నానం చేసే సౌనా. ఏమీ జరగదు. చాలాసేపు ఏమీ జరగదు. ఆ తర్వాత చూస్తే కుర్చీ కాస్త పక్కకు జరిగి ఉంటుంది. గోడ మీద గడియారం ఉండదు. ఒక్కోసారి మూలన ఎవరో మనిషి నిలబడి ఉంటాడు. ఫలానా గదిలో ఫలానా తేడా వచ్చిందని ఫిర్యాదు చేయాలి. చేస్తే ఆ తేడా మాయమై గది మళ్లీ మామూలుగా అవుతుంది. కనిపెట్టకుండా వదిలేసినవి ఎక్కువైతే ఆట అయిపోయినట్టే. ఊరికే అనుమానపడి ఫిర్యాదులు చేసినా ఊరుకోరు.

తంపెరె ఊళ్లో మా హెర్వాంత పేట జనానికి ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. బయటికి వెళ్లేముందు తలుపు కన్నంలోంచి చూసి, మెట్ల మీద ఎవరూ లేరని రూఢి చేసుకుని గానీ ఇక్కడ ఎవరూ గడప దాటరు. ఎవరైనా ఎదురైతే నమస్కారం పెట్టాల్సి వస్తుందని భయం. నాకా భయం లేదు కాబట్టి నన్ను ఈ భవనంలో కాస్త తేడా మనిషి కిందే లెక్కేస్తారు. నా పేరు ఇర్మెలి. రెండో అంతస్తు.

అహ్తి మా భవనానికి వచ్చి ముప్పై ఏళ్లు. తంపెరెలో చెప్పుల ఫ్యాక్టరీలు వరసగా మూతపడిన రోజుల్లో వచ్చాడు. అప్పుడు చూస్తే చేతుల నిండా జిగురు మరకలు, పక్కన భార్య ఐలా. సంరక్షకుడి ఉద్యోగంతో పాటు కింది అంతస్తులో చిన్న వాటా కూడా ఇచ్చారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఆ ఇల్లు. ఐలా నాలుగేళ్ల కింద పోయింది. పోయేముందు ఆసుపత్రి మంచం మీద కూర్చుని మొగుడికి ఉన్ని సాక్సులు అల్లింది. బూడిద రంగువి, పైన ఎర్ర గీత. ఒక మడమ దగ్గరికి వచ్చేసరికి బూడిద రంగు ఉన్ని అయిపోయింది. ఇంకో ఉండ తెచ్చిపెడతానని నేనన్నాను. "ఇర్మెలీ, అంత టైమ్ లేదు" అని చేతికి అందిన నీలం ఉన్నితో ముగించేసింది. అప్పటినుంచీ చలికాలమంతా అతను అవే తొడుక్కుంటాడు. ఉతికి సౌనా కొయ్యకు ఆరేసినప్పుడు ఆ నీలం మడమ దూరానికి కూడా కనిపించేది.

అతను అలసిపోయిన మనిషి. ఇది నా అభిప్రాయం కాదు, చూసిన ఎవరైనా చెబుతారు. చలికాలం వచ్చిందంటే మేం లేవకముందే మంచు ఎత్తిపోసి దారి చేసేవాడు. మేం జారిపడకుండా కంకర చల్లేవాడు. వసంతంలో ఆ కంకరంతా మళ్లీ తనే ఊడ్చేవాడు. భుజం పట్టేసేది. మోకాలు వాచేది. అడిగితే "ఆఁ, ఉంది" అనేవాడు. నొప్పి ఉందనో, మోకాలు ఉందనో మనకే వదిలేసేవాడు.

ఎవరి ఇంటికి వెళ్లినా ఒకటే పద్ధతి. గంట కొడతాడు. తలుపు తీశాక గుమ్మం పట్టా మీద బూట్లు విప్పుతాడు. బూట్లు పక్కపక్కనే, ముక్కులు తలుపు వైపు పెట్టి, సాక్సులతో లోపలికి వచ్చి పని చేస్తాడు. నేను కాఫీ పోస్తే పుచ్చుకునేవాడు, కూర్చునేవాడు మాత్రం కాదు.

"కూర్చుంటే నీ సొమ్మేం పోయింది, అహ్తీ?"

"మూడో అంతస్తులో టాయిలెట్ ఆగట్లేదు. నీళ్లు పోతూనే ఉన్నాయి."

"పోనీ, ఒక్క కప్పు తాగేలోపు సరస్సు ఎండిపోదులే."

"నిలబడే తాగుతాను."

ముప్పై ఏళ్లు ఇదే మాట. నా వంటింట్లో ఫ్రిజ్‌కీ కిటికీకీ మధ్య ఒక మూల ఉంది. అక్కడ గోడకు భుజం ఆనించి తాగేసి, కప్పు తనే కడిగి బోర్లించి వెళ్లిపోయేవాడు.

యార్కోకు ఆట కోసం నిజమైన గదుల ఫొటోలు కావలసి వచ్చాయి. నా వంటిల్లు అడిగాడు. "మీ ఇల్లు భలే భయంగా ఉంటుంది, ఇర్మెలి గారూ" అన్నాడు, అదేదో పొగడ్త అన్నట్టు. నా పెళ్లినాటి గోడగడియారమూ, పూల కర్టెన్లూ వాడికి భయంగా ఉన్నాయట. సరే కానివ్వమన్నాను. తర్వాత మూలన నిలబడడానికి మనిషి కావాలన్నాడు. ఆ సమయానికి అహ్తి కింద మంచు ఎత్తుతున్నాడు. కిటికీలోంచి చూసి "ఈయన ఒప్పుకుంటారా?" అని అడిగాడు. నేనే కేకేసి పిలిచాను.

అహ్తి వచ్చాడు. అలవాటు ప్రకారం బూట్లు విప్పాడు. యార్కో అతనికి నల్లకోటు తొడిగి, తన మూలలోనే నిలబెట్టాడు.

"నన్నేం చెయ్యమంటావు?"

"ఏం చెయ్యొద్దు. కెమెరా వైపు చూడండి. మనసులో ఏం పెట్టుకోకండి."

"అది నాకు రోజూ ఉండేదే" అన్నాడు అహ్తి.

నా వంటింట్లో తీశారు, హాల్లో తీశారు, కింద సౌనా పక్క గదిలో తీశారు. చివర్లో కెమెరా సర్దుకుంటూ యార్కో వెనక్కి తిరిగి చూస్తే, అతను నిలబడే కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆ రోజంతా మా ముగ్గురిలో ఒక్కరికీ ఒక్క విషయం తట్టలేదు. తట్టడానికేముంది, ఇంట్లోకి వచ్చిన మనిషి బూట్లు విప్పుతాడు. అందులో వింతేమిటి?

వింత ఏమిటో బయటి దేశాల వాళ్లు చెప్పారు. ఆట విడుదలయ్యాక యార్కోకు సందేశాలు వచ్చిపడ్డాయి. భయపడ్డామన్నవి కొన్ని. మిగతావన్నీ ఒకటే ప్రశ్న: దయ్యం సాక్సులు ఎందుకు వేసుకుంది? అది కూడా చేత్తో అల్లినవి, ఒక మడమ నీలం? దాని అర్థమేమిటి? ఆ నీలం మడమలో ఏదో రహస్యం ఉందని జనం పేజీలకు పేజీలు రాసుకున్నారట. యార్కో నా దగ్గరికి వచ్చి తల పట్టుకున్నాడు.

"ఏం జవాబు చెప్పాలో తెలియట్లేదండీ."

"ఉన్నదే చెప్పు. ఇంట్లో ఉన్నాడు కదా, బూట్లెలా వేసుకుంటాడు?"

వాడు అదే రాశాడు. దానికి ఇంకా నవ్వారట. అక్కడినుంచి అహ్తికి సాక్సుల మనిషి అని పేరు పడిపోయింది. ఆ బొమ్మ వేసిన చొక్కాలు కూడా వచ్చాయి. ఇదంతా నేను అహ్తి చెవిన వేస్తే, తాళాల గుత్తి నడుముకు తగిలించుకుంటూ "వాళ్లకేం పనుల్లేవా?" అన్నాడు. అతనికి కంప్యూటర్ లేదు. ఆ ఆట అతను ఒక్కసారి కూడా చూడలేదు.

మరుసటి చలికాలం మా మూడో అంతస్తులోకి హిల్లా అనే పిల్ల అద్దెకు దిగింది. ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీలు చేసి పగలు చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేది. ఒంటరిగా ఉండేది. సెలవు దొరికితే స్నేహితురాళ్లను పిలిచి కంప్యూటర్ ఆట ఆడుకునేది. ఏ ఆటో చెప్పక్కర్లేదు. అది మా భవనంలోనే పుట్టిందని మాత్రం ఆ పిల్లకు తెలియదు. ఎవరు చెబుతారు, ఇక్కడ ఎవరైనా ఎవరితోనైనా మాట్లాడితే కదా.

ఒక మధ్యాహ్నం నా వంటింటి పైకప్పులోంచి నీళ్లు కారడం మొదలైంది. పైన ఉండేది హిల్లా. అహ్తి వెళ్లి గంట కొట్టాడు. మళ్లీ కొట్టాడు. తలుపు తట్టాడు. నీళ్లు ఆగవు కాబట్టి తన దగ్గరున్న తాళంతో తీసి, "సంరక్షకుణ్ణి" అని గట్టిగా చెప్పి, బూట్లు విప్పి లోపలికి వెళ్లాడు. మా ఇళ్లన్నీ ఒకే కొలత. ఫ్రిజ్‌కీ కిటికీకీ మధ్య మూలలోనే పైపు ఉంటుంది. బిగించాల్సింది బిగించి, చుక్క ఆగిందో లేదో చూద్దామని లేచి గోడకు భుజం ఆనించి నిలబడ్డాడు.

హిల్లాకు దాహమేసి అప్పుడే లేచింది. నిద్రకళ్లతో వంటింట్లోకి వచ్చింది. అదే మూల, అదే పొడుగాటి మనిషి. చూపు కిందికి దిగి ఆ నీలం మడమ మీద పడింది.

ఆ కేక నాకు కింద వినిపించింది. భవనమంతటికీ వినిపించింది. ప్రతి తలుపు వెనకా చెక్కనేల కిర్రుమంది, అంటే అందరూ కన్నాల దగ్గరికి వచ్చారన్నమాట. తలుపు తీసింది నేనొక్కదాన్నే. నేను వెళ్లేసరికి అహ్తి మెట్ల మీద ఉన్నాడు, బూట్లు చేత్తో పట్టుకుని. మొహం తెల్లగా పాలిపోయింది.

"ఏమైంది, అహ్తీ?"

"పైపు బాగైంది" అన్నాడు.

హిల్లా ఆ కంగారులోనే భవనం మేనేజరుకు ఫోను చేసింది. నిద్రపోతుంటే ఇంట్లోకి మగమనిషి దూరాడని చెప్పింది. ఆ సాయంత్రం నేను వెళ్లి విషయమంతా చెబితే, మంచం మీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకుంది.

"దేవుడా, ఆయన పైపు బాగుచేయడానికి వచ్చారా? నేను... నాకు ఆ సాక్సులు తప్ప ఇంకేం కనపళ్లేదండీ."

"తెలిసిందిగా, ఫోన్ చేసి ఫిర్యాదు వెనక్కి తీసుకో అమ్మాయ్."

తీసుకుంది కూడా. కానీ మా మేనేజరు తార్మో అలాంటి అవకాశం కోసం ఎప్పటినుంచో కాచుక్కూర్చున్నవాడు. సొంత సంరక్షకుణ్ణి పెట్టుకోవడం పాతకాలం పద్ధతట. ఏదైనా కంపెనీకి అప్పజెబితే హాయిగా ఉంటుందట. కింది వాటా ఖాళీ చేయిస్తే సైకిళ్లు పెట్టుకోవచ్చట. ఏటా ఇళ్ల యజమానుల సమావేశంలో ఈ పాట పాడేవాడు, ఏటా మేం కాఫీ తాగి వెళ్లిపోయేవాళ్లం. ఈసారి చేతికి కారణం దొరికింది. అహ్తికి పింఛను రావడానికి ఇంకా కొన్నేళ్లుంది. వసంతంలో జరిగే సమావేశంలో ఓటు తనకు వ్యతిరేకంగా పడితే ఉద్యోగంతో పాటు ఇల్లూ పోతుంది. ఐలాతో కాపురం చేసిన ఇల్లు అదొక్కటే.

సమావేశానికి ముందు ఒక ఆదివారం తివాచీలు దులిపే కమ్మీ దగ్గర దొరికాడు. నేను దులుపుతున్నాను, అతను పారకు ఆనుకుని నిలబడ్డాడు.

"జనంతో మాట్లాడవయ్యా. ఒక్కొక్క ఇంటికీ వెళ్లి చెప్పు. నోరు లేకపోతే ఎలా?"

"ఏం చెప్పను?"

"నేను మంచివాణ్ణని చెప్పు."

"అది మనం చెప్పుకుంటామా?" అని పారకంటిన మంచు దులిపాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఇర్మెలీ, ముప్పై ఏళ్లు నేను అందరి ఇళ్లలోకీ వెళ్లాను. ఎవరూ నన్ను చూడలేదు. చూడకపోతేనే పని బాగా చేసినట్టు అనుకున్నాను. చూసిన మొదటి రోజే ఆ పిల్ల అరిచింది."

నా చేతిలో తివాచీ కర్ర ఆగిపోయింది. అతను మాత్రం మామూలుగా పార ఎత్తుకుని వెళ్లిపోయాడు.

యార్కో కూడా నలిగిపోతున్నాడు. ఇదంతా తనవల్లే అని. ఒక రోజు అహ్తి ఇంటి గుమ్మంలో నిలబడి, నేను పక్కనే ఉండగా, అన్నాడు.

"మిమ్మల్ని ఆటలోంచి తీసేస్తాను. అన్ని గదుల్లోంచీ. దాంతో ఎవరికీ మీరు అలా గుర్తుండరు."

"తీసేస్తే ఆట పాడవుతుందా?"

"అవుతుందేమో. పర్లేదు."

"అయితే తీసెయ్" అన్నాడు అహ్తి. "ఆ మూలలో నిలబడీ నిలబడీ విసుగొచ్చింది."

వాడు తీసేశాడు. ఆ తర్వాత జరిగింది యార్కోనే నాకు తెర మీద చూపించాడు. ఆడేవాళ్లు నా వంటిల్లు చూస్తారు. ఫ్రిజ్‌కీ కిటికీకీ మధ్య మూల ఖాళీగా ఉంటుంది. ఆట లెక్కలో అదే సరైన గది, తేడా ఏమీ లేదు. కానీ జనం ఆగడం లేదు. వంటిల్లు, మూల, ఏదో లేదు అని ఫిర్యాదు చేస్తున్నారు. ఆట అది తప్పుడు ఫిర్యాదని మందలిస్తుంది. వాళ్లు మళ్లీ చేస్తారు. తెలిసీ, కావాలనే, ఓడిపోతూ. అవన్నీ చూసి నేను యార్కోతో అన్నాను, "ఈ పని మా భవనంలో వాళ్లు చేస్తే బాగుండు."

సమావేశం కింద క్లబ్బు గదిలో జరిగింది. ఎప్పటిలాగే కుర్చీలు వేసింది అహ్తి. కాఫీ కాచింది అహ్తి. ఏలకుల బన్నులు తెచ్చి పెట్టింది అహ్తి. తన మీద ఓటు వేయడానికి వచ్చేవాళ్లకు కంకర కూడా చల్లి ఉంచాడు. అందరం బూట్లు బయట విప్పి, సాక్సులతో వచ్చి కూర్చున్నాం. అహ్తి కాఫీ పాత్ర పక్కన మూలన నిలబడ్డాడు.

తార్మో లేచి చాలా మర్యాదగా మాట్లాడాడు. వ్యక్తిగతంగా అహ్తి మీద తనకెంతో గౌరవమట. కానీ నివాసితుల భద్రత అనేది ఒకటి ఉంది కదా అన్నాడు.

"ఏం భద్రత?" అన్నాను. "పైపు కారింది, బాగుచేశాడు. అరిచింది ఎందుకంటే ఆట గుర్తొచ్చి. ఇందులో అతను చేసిన నేరమేంటి? సాక్సులు వేసుకోవడమా?"

"ఇర్మెలి గారూ, ఇది ఎవరో ఒక్కరి గురించి కాదు, పద్ధతి గురించి."

"పద్ధతికి మోకాళ్లుండవు కదా, నొప్పెయ్యదులే."

ఒకరిద్దరు కప్పుల్లోకి చూసి నవ్వుకున్నారు. అప్పుడు గుమ్మంలోంచి హిల్లా లోపలికి వచ్చింది. అద్దెకున్న పిల్ల, ఓటు లేదు, మాట్లాడే హక్కు కూడా లేదు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, కళ్ల కింద నలుపు. "ఫిర్యాదు చేసింది నేనే. నిద్రమత్తులో చేశాను. ఆయన తప్పేం లేదు. దయచేసి నా పేరు చెప్పి ఆయన్ని పంపకండి" అంది.

"మీ ఫిర్యాదు వెనక్కి తీసుకున్నట్టు రాసుకున్నాం" అన్నాడు తార్మో. "ప్రతిపాదన మాత్రం అలాగే ఉంది. ఇంకెవరైనా మాట్లాడతారా?"

ఎవరూ మాట్లాడలేదు. నేను ఒక్కొక్కరి మొహం చూశాను. అతను తాళాలు తీసిపెట్టినవాళ్లు, కాలు విరిగితే సరుకులు మోయించుకున్నవాళ్లు. అందరికీ మనసులో ఉంది, నాకు తెలుసు. కానీ నలుగురిలో నోరు విప్పడం మావాళ్లకు చావుతో సమానం. చేతులు మాత్రం ఎత్తారు. గదిలో చాలా చేతులు అహ్తి వైపే లేచాయి, ఆ మాట చెప్పాలి. కానీ మా దగ్గర ఓటు మనిషికి కాదు, వాటాకు. హెల్సింకిలో ఎవరో పెట్టుబడిదారు మా భవనంలో సగానికి పైగా వాటాలు కొని అద్దెలకిచ్చాడు. ఒక్కసారి కూడా ఈ మెట్లెక్కలేదు. అతని తరఫున ఓటేయమని ఇచ్చిన కాగితం తార్మో జేబులో ఉంది. దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు, అయిపోయింది.

అప్పుడు గదిలో ఉన్న అందరూ ఒకేసారి మూల వైపు తిరిగి చూశారు. అహ్తిని అంతమంది ఒకేసారి చూడడం అదే మొదలు అనుకుంటాను. అతను కాస్త ఇబ్బంది పడ్డట్టు కదిలి, కాఫీ పాత్ర ఎత్తి చూశాడు.

"కొంచెం మిగిలింది. ఎవరికైనా కావాలా? లేకపోతే కుర్చీలు మడిచేస్తాను."

వేసవి మొదట్లో ఇల్లు ఖాళీ చేశాడు. ఊరికి అవతల, లెన్‌తావుఓరిలో, ఒంటిగది ఇల్లు దొరికింది. యార్కో వ్యాను తెచ్చాడు, హిల్లా పెట్టెలు మోసింది. సామానేం పెద్దగా లేదు. చివర్లో తాళాల గుత్తి నడుము నుంచి విప్పి, తార్మో చేతికివ్వకుండా, కింది ఇంటి కిటికీ గట్టు మీద పెట్టి వచ్చాడు. అన్నేళ్లు వేలాడిన చోట బెల్టు తోలు అరిగి తెల్లగా గీత పడి ఉంది.

ఆ శీతాకాలం మాకు కంపెనీ మనుషులు వచ్చారు. వచ్చినప్పుడల్లా వేరే మనిషి. పేరు అడిగేలోపు వెళ్లిపోయేవాడు. కంకర మధ్యాహ్నానికి పడేది, ఒకరోజు అప్పటికే నాలుగో అంతస్తాయన జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. నా రేడియేటరు మొరాయిస్తే ఒక కుర్రాడొచ్చాడు. బూట్లతోనే నేరుగా వంటింట్లోకి నడిచాడు. పట్టా మీద నుంచి ఫ్రిజ్ దాకా మంచు బురద, కంకర రాళ్లు. వాడి తప్పు కాదు. బూట్లు విప్పి మళ్లీ వేసుకునే టైమ్ కంపెనీ వాడికివ్వదట. వాడూ అలసిపోయే ఉన్నాడు, పాపం. వాడు వెళ్లాక మోకాళ్ల మీద కూర్చుని నేల తుడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. పైన హిల్లా ఇంట్లో కూడా అదే తంతు. ఆ పిల్ల ఆ సాయంత్రం వచ్చి నా గుమ్మంలో నిలబడి, "సాక్సులేసుకున్న మనిషిని చూసి అరిచాను నేను" అని వెళ్లిపోయింది.

జనవరిలో యార్కో మళ్లీ వచ్చాడు. ఆట కొత్త భాగం చేస్తున్నాడు. జనం ఇంకా ఆ మూల ఖాళీగా ఉందని ఫిర్యాదు చేస్తూనే ఉన్నారట. అహ్తిని అడగడానికి మొహం చెల్లడం లేదన్నాడు. నేనే ఫోన్ చేశాను. విషయం చెప్పాను.

"నీ వంటింట్లోనేనా?" అన్నాడు.

"నా వంటింట్లోనే."

"వస్తాను. పొద్దున్నే కుదురుతుంది. ఇప్పుడు నాకు అన్నీ కుదురుతాయి."

చెప్పినట్టే వచ్చాడు. రెండు బస్సులు మారి వచ్చాడు. గంట మోగింది. ముప్పై ఏళ్లలో నా ఇంటి గంట అతను ఎన్నిసార్లు కొట్టాడో, కానీ ఈసారి చేతిలో పనిముట్ల పెట్టె లేదు. బదులుగా కాగితంలో చుట్టిన ఏలకుల బన్నులున్నాయి. ఇంకాస్త సన్నబడ్డాడు. పట్టా మీద బూట్లు విప్పి, ముక్కులు తలుపు వైపు పెట్టాడు. అవే సాక్సులు. నీలం మడమ పలచబడి చర్మం కనిపిస్తోంది. లోపలికి వచ్చి తన మూల వైపు నడిచాడు. యార్కో నల్లకోటు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"అక్కడ కాదు. ఇలా కూర్చో" అన్నాను నేను, కుర్చీ లాగి.

"ఫొటో..."

"ఫొటో తర్వాత. ఇప్పుడు ఏ అంతస్తులోనూ ఏదీ కారట్లేదు. కారినా నీకు సంబంధం లేదు. కూర్చో."

అతను కుర్చీ వంక చూశాడు, నా వంక చూశాడు. తర్వాత మెల్లగా, బల్ల అంచు పట్టుకుని, మోకాలు మడవడానికి కాస్త తంటాలు పడి, కూర్చున్నాడు. కాఫీ పోశాను. కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. దారి మీద మంచు ఎవరూ ఎత్తలేదు.

"ఇక్కడ్నుంచి అది కనిపిస్తుందా?" అన్నాడు. "నువ్వు రోజూ చూసేదానివా, నేను ఎత్తుతుంటే?"

"రోజూ చూసేదాన్ని."

"నాకు తెలియదు" అన్నాడు.

సగం కప్పు తాగాడు. రేడియేటరు వెచ్చగా ఉంది, వీపు దానివైపే ఉంది. యార్కో దీపం సర్దుతూ వాడి కొత్త ఆట గురించి ఏదో చెబుతూ ఉన్నాడు. అహ్తి తల ఊపుతున్నాడనుకున్నాం. తర్వాత చూస్తే గడ్డం ఛాతీ మీదికి వాలిపోయి ఉంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. యార్కో చెయ్యి కెమెరా మీదికి వెళ్లింది. మంచి బొమ్మే అది, నేనూ కాదనను. వాడి వైపు చూసి వద్దని తల అడ్డంగా ఊపాను. వాడు కెమెరా తీసి ఫ్రిజ్ మీద పెట్టేశాడు.

బయట మెట్ల మీద ఎవరో జారినట్టున్నారు, ధబ్బుమని చప్పుడైంది. అహ్తికి మెలకువ రాలేదు. కానీ నిద్రలోనే చెయ్యి కప్పు వదిలి నడుము దగ్గరికి వెళ్లింది. తాళాల గుత్తి వేలాడిన చోట కాసేపు తడిమింది. ఏమీ దొరకలేదు. ఆ చెయ్యి అక్కడే, బెల్టు మీద తెల్ల గీత పైన, ఆగిపోయింది. మేమిద్దరం చప్పుడు చేయకుండా చల్లారిన కాఫీ తాగుతూ అతను లేచేదాకా కూర్చున్నాం.